ముందు జాగా

జాన్ సాహెబ్ పోయింది పోయిన ఏడాది సెప్టెంబర్ పద్దెనిమిదో తారీఖు, వినాయక చవితి నాడు. ఆ సాయంత్రం ఆయన శిష్యుడు పర్వతాలు ఇంట్లో కుడుము తింటున్నాడు. లోపల కొబ్బరీ బెల్లం ఇంకా వేడిగా ఉండి నాలుక చుర్రుమంది. అప్పుడే సుభాన్ వచ్చి గడప బయట నిలబడి, "అన్నా, ఉస్తాద్ పోయిండు" అన్నాడు. నోట్లో ఉన్నదాన్ని మింగాలో ఉమ్మాలో తెలియక పర్వతాలు కాసేపు అట్లాగే కూర్చుండిపోయాడు. దుఃఖం తరవాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఆఖరి ఊపిరి దగ్గర తను లేడు, సుభాన్ ఉన్నాడు.

శిష్యులిద్దరిదీ, పర్వతాలుదీ సుభాన్‌దీ, క్లారినెట్టే. రాంగోపాల్‌పేట నుంచి బొల్లారం దాకా పెండ్లి ఊరేగింపు అంటే జాన్ సాహెబ్ బ్యాండే. వయసులో ఉన్నప్పుడు బొల్లారంలో తెల్లదొరల సైన్యం పల్టను బ్యాండులో ఊది, బయటికి వచ్చాక ఎర్రకోట్లు కుట్టించి సొంతంగా పెట్టుకున్నాడు. బ్యాండు మాస్టరు పోతే ఏడాది దాకా ఆయన నిలబడిన చోట ఎవరూ నిలబడకూడదని పల్టనులో నేర్చిన పద్ధతి. ఆ పద్ధతి తన బ్యాండుకూ వర్తిస్తుందని బతికుండగానే చెప్పాడు. అందుకని ఏడాదిగా ఆ బ్యాండు వీధుల్లో నడిస్తే ముందు ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండేది. దాని వెనక కుడివైపు పర్వతాలు, ఎడమవైపు సుభాన్, ఆ వెనక మిగిలినవాళ్ళు.

"ముందల ఎవరున్నరయ్యా, దయ్యమా?" అని ఒక పెండ్లిలో మగపెండ్లివారు అడిగారు.

"మా ఉస్తాద్. పిలిచింది మీరే, గుర్తువట్టకపోతే ఎట్ల?" అన్నాడు పెద్ద డోలు వాయించే బ్రహ్మచారి. అడిగినవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

ఏడాది తిరిగిన రోజు ఆ జాగాలోకి ఎవరు నడవాలో జాన్ సాహెబ్ భార్య చాంద్‌బీ చెప్పాలి. పెండ్లికూతుర్ని సాగనంపేటప్పుడు ఊదడానికి జాన్ సాహెబ్ ఒక బాణీ కట్టాడు. దాన్ని విదాయి అనేవాళ్ళు. ఇద్దరూ అది ఊదాలి, ఆమె వినాలి. వేళ్ళ విషయంలో తనకు సాటి లేదని పర్వతాలుకు తెలుసు. ఉస్తాద్ కూడా అనేవాడు, పర్వతాలు వేళ్ళు అబద్ధం చెప్పవని. సుభాన్ గురించి ఏమనేవాడో పర్వతాలు ఎన్నడూ అడగలేదు. అడిగితే చెబుతాడని భయం.

ఈ ఏడు వినాయక చవితి పది పన్నెండు రోజులు ముందే వచ్చింది. మధ్యాహ్నం పూజ ముగించి పర్వతాలు పత్రి సర్దుతుంటే బ్రహ్మచారి వచ్చి అరుగు మీద కూలబడి, లోపలున్న అతని భార్యను కేకేశాడు.

"వదినా, నాకు కుడుములు వద్దు. కడుపుల జాగ లేదు. చాంద్‌బీ చాచీ ఇంట్ల ఖిచిడీ తిని వస్తున్న."

"పండగ పూట కార్ఖానా బస్తీకి ఎందుకు పోయినవ్‌రా?" అన్నాడు పర్వతాలు.

"ఉస్తాద్ పోయి ఏడాదాయె, బర్సీ గదనే. ఆయన పేరు మీద ఫాతెహా చదివిండ్రు."

పర్వతాలు చేతిలో మారేడు రెమ్మ అట్లాగే ఆగింది. "బర్సీ ఇయ్యాలెక్కడిది? పద్దెనిమిదో తారీఖు గద."

"వాళ్ళది చంద్రుని లెక్క. మనది గూడ గంతే. నువ్వేమన్న మీ నాయిన తద్దినం తారీఖు చూసి పెడుతున్నవా?"

నిజమే. తండ్రి తద్దినం తిథిని బట్టే పెడతాడు, పురోహితుడు ఒక రోజు అటూ ఇటూ చెబితే వాదిస్తాడు కూడా. అట్లాంటి తను, చవితి నాడు పోయిన మనిషికి చవితి నాడే ఏడాది అవుతుందని చవితి పూజ చేసుకుంటూ కూడా అనుకోలేదు. ఉస్తాద్ నోట ఎప్పుడూ ఇంగ్లీషు తారీఖులే వినేవాడు: పదో తారీఖు బారాత్, ఇరవయ్యో తారీఖు మారేడుపల్లి. జాన్ సాహెబ్ అనే మనిషి తారీఖుల్లో బతికిన మనిషి అని అతని మనసులో పడిపోయింది.

"సుభాన్ వచ్చిండా?"

"వచ్చిండు. ఎర్రకోటు ఏస్కున్నడు. చేతుల క్లార్నెట్ ఉండె. నేను తిని ఎల్లొచ్చిన."

అంత చాలు. మిగిలింది పర్వతాలే మనసులో పూర్తి చేసుకున్నాడు. తనకు పూజ ఉంటుందని తెలిసి, రాలేడని తెలిసి, పండగ నాడే పెట్టుకున్నారు. సుభాన్ కోటు వేసుకుని ముందు నిలబడి విదాయి ఊదాడు. చాంద్‌బీ కళ్ళు తుడుచుకుని "ఇక నువ్వే" అంది. ఆ కళ్ళు తుడుచుకోవడం కూడా చూసినట్టే కనబడింది అతనికి.

ఆ వారం అతను కార్ఖానా వైపు పోలేదు. ఆ పై సోమవారం విమానాలు వచ్చాయి. నవాబు రాజ్యం మీదికి ఇండియా పటాలం అన్ని దిక్కుల నుంచీ వస్తోందన్నారు, బజార్లో దుకాణాలు ఒకటొకటే పలకలు దించాయి, జనం బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని గోడల వెంబడి నడిచారు. పర్వతాలు ఇంట్లో కూర్చుని క్లారినెట్ మూతికి బిగించే రీడు గీకాడు. పగిలిన సీసా పెంకుతో, వెదురు పుల్ల మీద వెంట్రుకంత మందం తీస్తూ, నాలుక మీద పెట్టి తడిపి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ గీకేవాడు. ఒకటి పలచనై చీలిపోతే ఇంకొకటి. మూసిన తలుపుల వెనక ఊదడానికి వీల్లేదు కాబట్టి వేళ్ళు మాత్రం రంధ్రాల మీద ఆడించేవాడు.

"ఆడ బాంబులు పడుతున్నయంటే ఈడ పుల్ల గీకుతుండు" అంది భార్య బుచ్చమ్మ.

"నీకు తెల్వదు. వాడు నన్ను ముంచిండు."

"తెల్వకేమి? నాకు సవతి లేని లోటు ఆ సుభాను తీర్చిండు. పొద్దున వాని ముచ్చట, మాపు వాని ముచ్చట. నా పేరు ఎన్నడన్న గిన్నిసార్లు తలిసినవా?"

పర్వతాలు నవ్వలేదు. తరవాత, ఆమె లోపలికి పోయాక, కొంచెం నవ్వు వచ్చింది. కానీ సీసా పెంకు కింద పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం హోటల్ రేడియోలో నవాబు లొంగిపోయాడని, లడాయి ఆగిపోయిందని చెప్పారు. మరుసటి పొద్దున బట్టల దుకాణం కమలాబాయి స్వయంగా గల్లీలోకి వచ్చింది. ఆమె వెంట హారతి పళ్ళాలతో ఆడవాళ్ళు, ఎక్కడెక్కడో దాచిపెట్టిన జెండాలతో మగవాళ్ళు.

"పర్వతాలూ, పటాలం సికింద్రాబాదులకు వస్తుంది. బాజా ఉండాలె. మీ బాజాల ఆ ముసల్మాన్లు వద్దు. నువ్వే ముందల నిలబడు."

ఆ మాటల్లో పర్వతాలు చెవిన పడింది చివరిదే. ఎందుకు వద్దని అడగాల్సింది. మొన్నటి దాకా ఆమె ఇంటి పెండ్లిళ్ళకు వాళ్ళే ఊదారని గుర్తు చేయాల్సింది. "సరే బాయీ" అన్నాడు. అన్నాక, ఇవాళ తారీఖు పద్దెనిమిది అని గుర్తొచ్చింది. ఉస్తాద్ తారీఖున ఉస్తాద్ జాగా తనంతట తనే దొరికింది. ఏడాది నుంచి కోరుకున్నది ఇదే.

ముసల్మాన్లను తీసేస్తే ఆ బ్యాండులో మిగిలేది పర్వతాలు, బ్రహ్మచారి. కోట్లు చాంద్‌బీ ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఇద్దరూ తెల్ల అంగీలతోనే పెద్ద రోడ్డు పక్కన నిలబడ్డారు. ముందు పర్వతాలు, వెనక డోలు. లారీలు రాగానే జనం కేకలు లేచాయి. పర్వతాలు ఊదాడు. మొదటి వరస ఊది అలవాటుగా ఆగాడు, వెనక బాకాలూ చిన్న క్లారినెట్లూ అందుకోవాలి కాబట్టి. ఎవరూ అందుకోలేదు. డోలు ఒక్కటే డబ్బుమంది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అదే చోట నోరు ఆగింది. తిరిగి చూశాడు. ఏడాదంతా ముందు ఒక్క జాగా ఖాళీ. ఇప్పుడు ముందు జాగా నిండింది, వెనకంతా ఖాళీ. ఆ ఖాళీలో బ్రహ్మచారి పెద్ద డోలు మోసుకుని, చెమటలు కారుతూ, "ఊదు, ఊదు, ఆపకు" అని కండ్లతో సైగ చేస్తున్నాడు.

లారీ మీది సిపాయి ఒకడు నవ్వి చెయ్యి ఊపాడు. ఎవరో పర్వతాలు మెడలో బంతిపూల దండ వేశారు.

పొద్దు వాలుతుండగా అతను ఆ దండతోనే కార్ఖానాకు నడిచాడు. కోటు తెచ్చుకోవాలని బ్రహ్మచారికి చెప్పాడు గానీ అది కారణం కాదు. తను ముందు నిలబడ్డానని చాంద్‌బీకి చెప్పాలి, ఆమె నోట సుభాన్‌కు తెలియాలి. దారి పొడవునా ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో కట్టుకుంటూ పోయాడు. ఆ గల్లీలో మాత్రం ఒక్క జెండా లేదు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. పొయ్యిల పొగ కూడా తక్కువే.

తలుపు కొట్టి రెండుసార్లు పేరు చెప్పాక గడియ తీసిన చప్పుడైంది.

"వచ్చినవా బేటా," అంది చాంద్‌బీ. మెడలో దండ చూసింది. "వస్తవని తెలుసు. తారీఖు మరువవు నువ్వు."

లోపల చాప మీద సుభాన్ బనీనుతో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, పెదవులు ఎండాయి. పర్వతాలును చూసి లేవబోయి, కిటికీ వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"సుభాన్ వాళ్ళ గల్లీల మంచిగ లేదని నేనే రమ్మన్న," అంది చాంద్‌బీ. "పొద్దున కొందరు కట్టెలు పట్టుకుని వచ్చి ఈ ఇంట్ల మొగోళ్ళున్నరా అని అడిగిండ్రు. ముసలిదాన్ని, ఒక్కదాన్నే అన్న."

పర్వతాలు దారంతా కట్టుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. దాని బదులు ఇంకోటి వచ్చింది. "చవితి నాడే బర్సీ అయిపోయిందట గద చాచీ. నాకు ఖబర్ సుత చెయ్యలే."

"ఫాతెహా అయింది. ఫాతెహా చంద్రుని లెక్క, బాజా తారీఖు లెక్క. ఆయనది తారీఖులతోని బతికిన బతుకు గద. పండగ పూట నిన్ను పూజ మీదికెల్లి లేపుడెందుకని పిలువలే. అది నా తప్పయితే నన్ను తిట్టు."

"మరి సుభాన్ కోటేస్కొని..."

"ఉస్తాద్ ఫోటోకు సలాం కొట్టాలనన్నా," అన్నాడు సుభాన్ నేల చూస్తూ. "క్లార్నెట్ ఆయన ముందర పెట్టిన. ఊదలే. నువ్వు లేంది ఎట్ల ఊదుత?"

చాంద్‌బీ కొంగుతో చాప దులిపింది, దుమ్ము లేకపోయినా.

"ఇయ్యాల ఇద్దరు ఊదాలె, నేను వినాలె అని ఏడాది సంది అనుకున్న," అంది. "ఇప్పుడు వాడు ఊదితే ఇంట్ల మొగోడున్నడని గల్లీ మొత్తానికి తెలుస్తది. నువ్వొక్కనివే ఊదు. తలుపు తెరిచి గడపల కూసో. కనబడేటట్టు ఊదు, ఎవరూ ఏమనరు."

పర్వతాలు గడప మీద కూర్చున్నాడు. బంతిపూల దండ సర్దుకున్నాడు. రీడు నోట్లో పెట్టి తడిపి, బిగించి, విదాయి ఎత్తుకున్నాడు.

బాగా ఊదాడు. అది అతనికే తెలుస్తోంది. మెట్టు మెట్టుకూ స్వరం శుభ్రంగా పడింది, ఎక్కడా వేలు జారలేదు. పెండ్లికూతురు పల్లకీ ఎక్కే చోట బాణీ ఒక్కసారిగా పైకి లేచి, చాలాసేపు నిలబడి, మెల్లగా కిందికి దిగాలి. లేవడానికి ముందు ఊపిరి తీసుకున్నాడు, దిగేటప్పుడు ఇంకొకసారి తీసుకున్నాడు. ఎప్పుడూ అక్కడే తీసుకుంటాడు. ముగిశాక ఎదురింటి జ్ఞానమణి, చర్చిలో పాడే మనిషి, కిటికీ రెక్క ఒకటి తీసి చూసింది.

"బాగుంది బేటా," అంది చాంద్‌బీ లోపలి నుంచి. మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళతో అన్నట్టు అంది.

పర్వతాలు లోపలికి చూశాడు. సుభాన్ కండ్లు మూసుకుని ఉన్నాడు. వేళ్ళు మోకాలి మీద ఇంకా ఆడుతున్నాయి, బాణీ వాడికి ఇంకా ముగియలేదు. పల్లకీ ఎక్కే చోటికి వచ్చాయి, పైకి లేచాయి, ఆగకుండా దిగాయి.

ఇప్పుడు లేచి పోవచ్చు. ముందు జాగా తనదే. పొద్దున రోడ్డు మీదా తనదే, సాయంత్రం ఈ గడప మీదా తనదే. అయినా ఏడాదిగా కడుపులో ఉన్న మంట కొంచెం కూడా చల్లారలేదు. ఆ మంటకు కావలసింది జాగా ఒక్కటే కాదు. సుభాన్ ఊదాలి, చాంద్‌బీ వినాలి, విని, పర్వతాలే మేలు అనాలి. నోరు కట్టేసిన మనిషి మీద గెలుపు పొద్దుటి ఊరేగింపు లాంటిదే, వెనక ఎవరూ లేనిది.

"సుభాన్, లే. ఊదు," అన్నాడు.

"ఇనబడతదన్నా."

"ఇనబడనీ. నేనీడ్నే కూసుంట. నోట్ల పెట్టుకునే కూసుంట."

సుభాన్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చాంద్‌బీ వైపు చూశాడు. ఆమె లేచి తలుపు రెక్క ఒకటి సగం మూసింది. వాడు ఆ రెక్క వెనక, బయటికి కనబడకుండా, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పర్వతాలు క్లారినెట్ పెదవుల మధ్య పెట్టుకుని బుగ్గలు నింపాడు.

అతని వీపు వెనక జానెడు దూరంలో విదాయి మొదలైంది.

ఊదకుండా ఊదినట్టు కనబడడం ఊదడం కన్నా కష్టమని పర్వతాలుకు అప్పుడే తెలిసింది. వేళ్ళు సరిగ్గా వాడి స్వరాల మీద పడాలి. రొమ్ము వాడితో పాటు లేవాలి, పడాలి. వాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కనిపెట్టి తనూ అక్కడే తీసుకోవాలి. కనిపెట్టలేకపోయాడు. సుభాన్ స్వరం ఒకటి రెండు చోట్ల మసకేసింది, ఒక మెట్టు కొంచెం జారింది కూడా. అది తన వేలయితే జారేది కాదు. కానీ పల్లకీ దగ్గరికి వచ్చేసరికి, లేవాల్సిన స్వరం లేవడానికి వెనకాడింది, ఇల్లు విడిచిపోయే పిల్ల గుమ్మంలో ఆగినట్టు. ఆ వెనకాడిన చోటే వాడు ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి తీసుకున్నట్టు లేదు, వెక్కినట్టుంది. ఆ పైన లేచిన స్వరం గల్లీ చివరి దాకా ఎక్కడా తెగకుండా దిగింది. ఇన్నేండ్లు పక్కన నిలబడి ఊదినా పర్వతాలు ఆ చోటు వినలేదు. అప్పుడు తన క్లారినెట్టే తన చెవుల్లో ఉండేది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. జ్ఞానమణి బయటికి వచ్చి అరుగు మీద నిలబడింది. గల్లీ మలుపు నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చారు, ఒకడి చేతిలో కట్టె, ఇంకొకడి చేతిలో జెండా. పర్వతాలు వేళ్ళు ఒక్క క్షణం బిగుసుకున్నాయి, మళ్ళీ కదిలాయి. ఇద్దరూ అట్లాగే నిలబడి చివరి దాకా విన్నారు.

"నువ్వు పొద్దున రోడ్డు మీద ఊదినోనివి గదనే?" అన్నాడు కట్టె పట్టుకున్నవాడు. "అప్పుడేమాయె నీకు? గిప్పుడు చూడు, పానం గుంజుకపోయినవ్."

"మొదటిసారి గూడ నువ్వేనా ఊదింది?" జ్ఞానమణి గట్టిగా నవ్వుతూ అడిగింది. "నేనింక ఎవరో వేరేటోళ్ళనుకున్న. రెండింటికి పోలికనే లేదు."

కట్టెవాడు తెరిచి ఉన్న రెక్కలోంచి ఇంట్లోకి చూశాడు. పర్వతాలు కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.

"నోరు ఆరిపోయుండె అక్కా. గిప్పుడు తడిసింది," అన్నాడు.

జ్ఞానమణి నవ్వు ఆపింది. అతని రొమ్ము వైపు చూసింది. అంత పొడుగు బాణీ ఊదిన మనిషి కొంచెం కూడా రొప్పడం లేదు. ఆమె చూపు సగం మూసిన తలుపు రెక్క మీదికి పోయి, అక్కడ ఆగకుండా తిరిగొచ్చింది.

"అవును మరి. నోరు ఆరితే నాక్కూడ పాట రాదు," అంది. ఆ ఇద్దరి వైపు తిరిగింది. "ఏమయ్యా, పొద్దుటి సంది తిరుగుతున్నరు, చాయ్ తాగిండ్రా లేదా? రాండ్రి, పొయ్యి మీదనే ఉంది. రాండ్రి!"

వాళ్ళు పోయాక పర్వతాలు లోపలికి వచ్చాడు. దండ తీసి గోడకున్న మేకుకు తగిలించాడు. సుభాన్ రీడు తుడుస్తున్నాడు. చాంద్‌బీ అంతసేపూ తల మీది కొంగు సర్దుకోలేదు, ఇప్పుడు సర్దుకుంది.

"ఇద్దరిది విన్న," అంది.

ఎవరిది మేలో ఆమె తనంతట చెప్పదని పర్వతాలుకు అర్థమైంది. చెప్పమని అడిగితే చెబుతుంది. ఈసారి అడగడానికి భయం లేదు, అవసరమే లేదు.

"బయటోళ్ళు రెండోది బాగుందన్నరు చాచీ," అన్నాడు.

"నువ్వేమంటవ్?"

పర్వతాలు క్లారినెట్ మూడు ముక్కలుగా విప్పాడు. ఒక్కొక్క ముక్కనూ గుడ్డతో లోపలి దాకా తుడిచాడు.

"రెండోదే."

"అన్నా, బయటోళ్ళకు అది నువ్వే గద," అన్నాడు సుభాన్. వాడి మొహంలో మొదటిసారి చిన్న నవ్వు కదిలింది.

"నేనే. ఇంకొన్ని దినాలు గట్లనే ఉండనీ. బజార్ల మంచిగయ్యేదాకా ఆ జాగా ఖాళీగనే ఉండనీ. మంచిగయినంక నువ్వు నిలబడు. కుడిదిక్కు నేనుంట. ఆ పల్లకీ కాడ నువ్వు ఊపిరి పట్టే చోటు నాకు చెప్పాలె. చెప్పకపోతే నిన్ను నేనే ఆ కట్టెలోళ్ళకు పట్టిస్త."

చాంద్‌బీ కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ మాట అన్నంత మాత్రాన మంట చల్లారలేదు. గల్లీలో వాళ్ళు మెచ్చుకున్న మాటలు తనవి కావన్నది రొమ్ములో ఎండు రీడు లాగా గుచ్చుకుంటూనే ఉంది. బుచ్చమ్మకు చెప్పి రాలేదు, రేపు ఆమె సవతి కథ మళ్ళీ మొదలుపెడుతుంది. ఎదురింట్లోంచి గిన్నెల చప్పుడూ, ఆ ఇద్దరి మాటలూ, జ్ఞానమణి గొంతూ వినబడుతున్నాయి. ఆమె వాళ్ళను ఇంకా పోనియ్యడం లేదు.

చీకటి పడుతుంటే తలుపు వేయడానికి సుభాన్ లేచాడు.

"నువ్వు గుమ్మంల కనబడకు. కూసో," అన్నాడు పర్వతాలు. "ఇయ్యాల నేనీడ్నే పంట."

అతను గుమ్మం దగ్గరికి పోయి ఒకసారి గల్లీ అటూ ఇటూ చూశాడు. తెరిచి ఉన్న రెక్కను కీచుమనకుండా కాస్త పైకి ఎత్తి పట్టుకుని దగ్గరికి తెచ్చి, గడియ చప్పుడు కాకుండా పెట్టాడు.